సెమీ ఆటోమేటిక్ డ్రయ్యర్ కింద నీళ్లు, తిరిగేటప్పుడు మూలుగు: మోటారు మార్చాలా, సీలు మారిస్తే సరిపోతుందా?

పెదవాల్తేరు గృహిణి

అందరికీ నమస్కారం. మాది ఏడు కిలోల సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్. ఉతికే వైపు ఏ ఇబ్బందీ లేదు. డ్రయ్యర్ మాత్రం కొంతకాలంగా తిరగడం మొదలుపెట్టగానే మూలుగుతోంది. వేగం అందుకోవడానికి చాలాసేపు పడుతోంది. ఆపిన తరువాత చూస్తే మెషీన్ కింద నీళ్లు నిలిచి ఉంటున్నాయి. ఈ మధ్య కాలిన రబ్బరు వాసన కూడా వస్తోంది.

మెకానిక్‌ను పిలిపించాం. ఆయన వెనక పలక విప్పనే లేదు. మూత తీసి బుట్టను చేత్తో కదిపి, "మోటారు పోయిందమ్మా, మార్చాల్సిందే" అన్నారు. చెప్పిన ఖర్చు వింటే గుండె జారింది. మా ఇల్లు విశాఖలో సముద్రానికి దగ్గర. ముసురు పట్టినప్పుడు డ్రయ్యర్ లేకపోతే పిల్లల యూనిఫాంలు ఆరవు, ఆరినా ముక్కవాసన పోదు. నిజంగా మోటారే పోయిందో లేదో ఇంట్లో తెలుసుకునే దారి ఉందా? మా తమ్ముడికి స్పానర్ పట్టుకోవడం బాగానే వచ్చు.

కంచరపాలెం ఫిట్టర్

అమ్మా, తొందరపడి మోటారు కొనకండి. మూలుగు, కింద నీళ్లు, రబ్బరు వాసన మూడూ కలిసి వచ్చాయంటే నా అనుమానం ముందుగా డ్రయ్యర్ సీలు మీదకే, అంటే తొట్టి అడుగున నీళ్లు కారకుండా ఆపే రబ్బరు భాగం మీదకే పోతుంది. అయినా అనుమానంతో సామాను కొనకూడదు కాబట్టి ముందు ఈ పరీక్షలు చేయించండి.

ప్లగ్గు పూర్తిగా పీకేయాలి. స్విచ్ ఆపితే చాలదు. వెనక పలక మరలు విప్పితే డ్రయ్యర్ వైపు కింద మోటారు, దాని పైన బ్రేకు డ్రమ్ము, ఆ పైన మోటారును బుట్టకు కలిపే కప్లింగ్, అందులోకి దిగిన షాఫ్టు (బుట్టను తిప్పే ఇరుసు) కనిపిస్తాయి. పక్కన మూత నుంచి వచ్చే బ్రేకు తీగ ఒక మీటకు తగిలించి ఉంటుంది. మూత వేస్తే ఆ తీగ మీటను లాగి బ్రేకును వదిలిస్తుంది. మూత తెరిస్తే స్ప్రింగు బ్రేకును పట్టిస్తుంది. అందుకే మూత తీసి బుట్టను తిప్పి చూస్తే అది బిగుసుకున్నట్టే ఉంటుంది. అలా చూసి మోటారు సంగతి ఎవరూ చెప్పలేరు.

మీ తమ్ముణ్ని ఆ మీటను వేలితో లాగి పట్టుకుని రెండో చేత్తో కప్లింగ్‌ను తిప్పమనండి. హాయిగా తిరిగి తనంతట తానే ఆగితే, సీలు లోపల షాఫ్టును నిటారుగా పట్టి ఉంచే బుష్ బాగున్నట్టు. ఒక చోట గరగరమంటే, లేదా షాఫ్టును పక్కకు నెడితే ఊగితే బుష్ అరిగినట్టు. తరువాత డ్రయ్యర్ తొట్టిలో అర బకెట్టు నీళ్లు పోసి, టార్చి వేసి వెనక నుంచి చూడండి. షాఫ్టు వెంట నడిమధ్య నుంచి కారితే సీలు. పక్కన గొట్టం అతుకు దగ్గర కారితే గొట్టం క్లిప్పు, అంతే. చూసి చెప్పండి.

గాజువాక కుర్రాడు

ఫిట్టర్ గారు చెప్పినదానికి ఒక చిన్న చేర్పు. బుట్టకూ బయటి తొట్టికీ మధ్య సందులో గుడ్డ ఏదైనా పడిందేమో ముందు చూడండి. మా ఇంట్లో మేజోడు ఒకటి జారిపోయి షాఫ్టుకు చుట్టుకుంది. అచ్చం ఇదే మూలుగు, ఇదే వాసన. పట్టకారు పెట్టి లాగితే వచ్చేసింది, పైసా ఖర్చు కాలేదు.

ఉక్కునగరం విశ్రాంత ఉద్యోగి

అందరూ సీలు గురించి మాట్లాడుతున్నారు. నేను ప్రాణం గురించి మాట్లాడతాను. నీళ్లు కారేది మోటారు నెత్తి మీద. కారేది సబ్బునీళ్లు, వాటిలో విద్యుత్తు సులువుగా పారుతుంది. మెషీన్ పెట్టిన చోట నేల తడి, బట్టలు తీసేవాళ్ల కాళ్లు తడి. కారణం తేలేవరకు డ్రయ్యర్‌ను ఒక్క నిమిషం కూడా నడపకండి.

మీ ఇంటి మీటరు బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను వెంటనే ఆపేసే స్విచ్) ఉందా? దాని మీద పరీక్ష బటన్ ఉంటుంది, నొక్కితే స్విచ్ పడిపోయి కరెంటు ఆగాలి. ఆ సాకెట్‌కు ఎర్తింగ్ సరిగా ఉందా? కొన్ని పాత అపార్టుమెంట్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది కానీ మూడో రంధ్రం వెనక తీగ ఉండదు. సముద్రం దగ్గర ఇళ్లలో ఎర్త్ గొయ్యిలో తీగను కలిపే బోల్టులు తుప్పు పట్టి తెగిపోవడం నేను ఎన్నో చోట్ల చూశాను.

సీలు మార్చినా సరే, మోటారును 500 వోల్టుల మెగ్గర్‌తో (లోపల కరెంటు లీకవుతోందా అని చూసే మీటరు) పరీక్షించాకే నడపండి. మోటారు లోపలి తీగచుట్టకూ దాని లోహపు ఒంటికీ మధ్య నిరోధం ఒక మెగాఓమ్ కంటే తక్కువ చూపితే దానికి కరెంటు ఇవ్వకూడదు. మీ భవనానికి వచ్చే ఎలక్ట్రీషియన్ దగ్గర మెగ్గర్ ఉందేమో అడగండి.

పెదవాల్తేరు గృహిణి

మాస్టారూ, మీరు చెప్పినట్టే ప్లగ్గు పీకి పక్కన పెట్టేశాం. ఎర్తింగ్ కూడా చూపిస్తాం.

తమ్ముడు పరీక్ష చేశాడు. సందులో గుడ్డలేమీ లేవు. మీట లాగి తిప్పితే తిరుగుతోంది కానీ ప్రతి చుట్టులోనూ ఒకే చోట గరగర వినిపిస్తోంది. షాఫ్టును పక్కకు నెడితే కంటికి కనిపించేంత ఊగుతోంది. నీళ్లు పోసి చూస్తే సరిగ్గా మధ్యలో నుంచి షాఫ్టు వెంట దిగి బ్రేకు డ్రమ్ము మీద పడుతున్నాయి. మోటారు పైన తెల్లటి చారలు, వాటి అంచున తుప్పు ఉన్నాయి.

కంచరపాలెం ఫిట్టర్

ఇక సందేహం లేదమ్మా. సీలు పోయింది.

సీలు అంటే వట్టి రబ్బరు ముక్క అనుకుంటారు చాలామంది. అందులో మూడు పనులు చేసే భాగాలు ఉంటాయి. బయట ముడతల రబ్బరు తొట్టికి పట్టుకుని ఉండి బుట్ట ఊగినప్పుడు తానూ ఊగుతుంది. లోపల బుష్ షాఫ్టును నిటారుగా నిలబెడుతుంది. పైన సన్నటి రబ్బరు పెదవి షాఫ్టును కరుచుకుని నీటిని ఆపుతుంది. చాలా రకాల్లో ఆ బుష్ లోహపు పొడిని అదిమి కాల్చి తయారుచేసినది. దాని సూక్ష్మ రంధ్రాల్లో నూనె నింపి ఉంటుంది, తిరిగినప్పుడల్లా కొంచెం కొంచెం వదులుతుంది. పెదవి కాస్త అరిగిందంటే సబ్బునీళ్లు బుష్‌లోకి దిగి ఆ నూనెను కడిగేస్తాయి. నూనె పోయిన బుష్ త్వరగా అరుగుతుంది, షాఫ్టు ఊగుతుంది, ఊగే షాఫ్టు పెదవిని ఇంకా చీలుస్తుంది. అక్కడి నుంచి పాడవడం చాలా వేగంగా జరిగిపోతుంది. మీకు మూలుగూ నీళ్లూ కలిసి వచ్చింది అందుకే.

కొనేటప్పుడు పాత సీలు చేతిలో పట్టుకునే దుకాణానికి వెళ్లండి. కంపెనీ పేరు చెబితే చాలదు, ఒకే కంపెనీలో మోడల్‌ను బట్టి మారుతుంది. షాఫ్టు పట్టే రంధ్రం, సీలు ఎత్తు, తొట్టిలో కూర్చునే అంచు వెడల్పు మూడూ కలవాలి. "అన్నిటికీ సరిపోతుంది" అని ఇచ్చేది తీసుకోవద్దు. డాబాగార్డెన్స్ వైపు విడిభాగాలు అమ్మేవాళ్ల దగ్గర రెండు మూడు రకాలు పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. మోటారు ధర ముందు దీని ధర లెక్కలోకి రాదు.

ఎంవీపీ కాలనీ అద్దె ఇల్లు

ఇంత శ్రమ ఎందుకండీ, పాతది ఇచ్చేసి ఫుల్లీ ఆటోమేటిక్ తీసుకోవచ్చు కదా? సీలు, తరువాత బ్రేకు, తరువాత టైమరు అంటూ ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి.

పెదవాల్తేరు గృహిణి

మా అపార్టుమెంటులో కుళాయి నీళ్లు రోజులో కాసేపే వస్తాయండీ. రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ జలాశయాలు నిండుగా ఉన్న కాలంలో పరవాలేదు కానీ వేసవిలో ట్యాంకరు తప్పదు. సెమీ ఆటోమేటిక్‌లో జాడించిన నీళ్లు బకెట్లలో పట్టి తరువాతి విడతకు వాడుకుంటాను. ఆ వీలు నాకు ముఖ్యం. పైగా మెషీన్‌లో మిగతాదంతా బాగానే ఉంది. చవకైన రబ్బరు భాగం కోసం మొత్తం మెషీన్ పారేయడానికి మనసు ఒప్పదు.

మద్దిలపాలెం ఫిజిక్స్ లెక్చరర్

సీలు ఎందుకు అరుగుతుందో ఒక లెక్క చెబుతాను, పనికొస్తుంది.

మన కరెంటు 50 హెర్ట్జ్. నాలుగు ధ్రువాల మోటారు కాబట్టి నిమిషానికి 1500 చుట్లు దాని గరిష్ఠ హద్దు. బరువు మీద 1350 దాకా తిరుగుతుందని అనుకుందాం. బుట్ట వ్యాసం 25 సెంటీమీటర్లు అయితే, దాని గోడ దగ్గర బట్టను బయటికి తోసే త్వరణం గురుత్వాకర్షణకు దాదాపు 250 రెట్లు. నీళ్లు పిండేది అదే. కానీ బట్టలు ఒక పక్క 100 గ్రాములు ఎక్కువ పడితే, ఆ 100 గ్రాములే తిరిగేటప్పుడు షాఫ్టును 25 కిలోల బరువుతో పక్కకు లాగుతాయి. అదీ సెకనుకు ఇరవై రెండు సార్లకు పైగా దిక్కు మారుస్తూ. ఆ లాగుడంతా పడేది బుష్ మీదే.

కాబట్టి కొత్త సీలు వేశాక తడి దుప్పటి ఒక్కటే వేసి తిప్పకండి. దాన్ని మడత పెట్టకుండా బుట్ట గోడ చుట్టూ సమంగా సర్ది, ఖాళీ ఉన్న చోట తువ్వాలు పెట్టండి. పైన ప్లాస్టిక్ మూత పలక అదిమిపెట్టడం మరవద్దు, గాజువాక తమ్ముడి మేజోడు జారింది అది లేకపోవడం వల్లే అయి ఉంటుంది.

కంచరపాలెం ఫిట్టర్

లెక్చరర్ గారు చక్కగా చెప్పారు. ఇక పని విధానం రాస్తాను. ఓపికగా చదివి మొదలుపెట్టండి.

విప్పే ముందు బ్రేకు తీగ ఎలా తగిలించి ఉందో, మోటారు తీగలు ఏ రంగు దేనికి కలిసిందో ఫోనుతో ఫోటోలు తీసుకోండి. మోటారు పక్కన ఉండే కండెన్సర్ కొసలను చేత్తో ముట్టుకోవద్దు, ప్లగ్గు పీకినా అందులో కరెంటు నిలవ ఉండవచ్చు.

కప్లింగ్ పక్కన బోల్టు, దాని మీద లాక్‌నట్ ఉంటాయి. చాలా మెషీన్లకు 10 నంబరు స్పానర్ సరిపోతుంది. ముందు లాక్‌నట్ వదులు చేసి తరువాత బోల్టు తిప్పాలి. పూర్తిగా ఊడదీయనక్కర్లేదు, షాఫ్టు జారేంత వదిలితే చాలు. పైకి వచ్చి బుట్టను రెండు చేతులతో నిటారుగా ఎత్తండి. వంకరగా లాగితే షాఫ్టు వంగుతుంది, అప్పుడు కొత్త సీలు కూడా నిలవదు.

బుట్ట వచ్చాక తొట్టి అడుగున సీలు కనిపిస్తుంది. కొన్నిటిలో అది అంచు మడతతో తొట్టి రంధ్రంలో ఇరుక్కుని ఉంటుంది, కొన్నిటిలో రింగు బిగించి ఉంటుంది. కింద నుంచి బొటనవేళ్లతో నెట్టితే వస్తుంది. స్క్రూడ్రైవర్‌తో పొడవద్దు, తొట్టి ప్లాస్టిక్ గీతపడితే ఆ గీత వెంటే మళ్లీ నీళ్లు కారతాయి.

సీలు కూర్చునే చోట పేరుకున్న సబ్బు జిగురు, ఉప్పు పొర మొత్తం పాత టూత్‌బ్రష్‌తో తోమి, గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూడండి. నేను ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే. ఇక్కడ ఇసుక రేణువంత మురికి మిగిలినా సీలు వంకరగా కూర్చుంటుంది. కొత్తదాని అంచుకు సబ్బునీళ్లు రాసి చుట్టూ సమంగా నొక్కండి. లోపలి పెదవికి సిలికాన్ గ్రీజు సన్నగా పట్టించండి. తరువాత బుట్ట దించి, షాఫ్టు మీద చదునుగా కోసిన భాగానికి ఎదురుగా బోల్టు వచ్చేలా తిప్పి బిగించి, లాక్‌నట్ వేయండి. బోల్టు గుండ్రటి భాగం మీద పడితే కొన్నాళ్లకే జారిపోతుంది.

సీతమ్మధార తాతయ్య

గ్రీజు దొరక్కపోతే కొబ్బరినూనెతో సరిపెట్టుకోవచ్చు కదా? మా కాలంలో కుట్టు మిషనుకు అదే వేసేవాళ్లం.

కంచరపాలెం ఫిట్టర్

వద్దు తాతగారూ. కుట్టు మిషనుకు సబ్బునీళ్లు తగలవు, దీనికి ప్రతి విడతా తగులుతాయి. కొబ్బరినూనె మొదటి ఉతుకులోనే కడుక్కుపోతుంది. ఇంజన్ ఆయిల్ కూడా వద్దు, మామూలు రబ్బరుకు పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. సిలికాన్ గ్రీజు చిన్న గొట్టం చవకగానే దొరుకుతుంది, నీటికి పోదు, రబ్బరును చెడగొట్టదు.

పెదవాల్తేరు గృహిణి

సీలు తెచ్చుకున్నాం, వెనక నుంచి బ్రేకు తీగ విప్పాం. కానీ కప్లింగ్ బోల్టు దగ్గరే ఆగిపోయాం. తుప్పుతో లాక్‌నట్ ఇసుమంత కూడా కదలడం లేదు. తమ్ముడు సుత్తితో రెండు తగిలిస్తానంటున్నాడు. నేనే ఆపాను. ఏం చేయమంటారు?

ఫిషింగ్ హార్బర్ ఇంజన్ మెకానిక్

అక్కా, ఆపి మంచి పని చేశారు. సుత్తి దెబ్బ షాఫ్టు మీద పడితే కొస చదునై కప్లింగ్‌లోంచి ఎప్పటికీ బయటికి రాదు. ఆ దెబ్బ కిందికి దిగి మోటారు బేరింగ్‌కూ తగులుతుంది.

నేను రోజూ పడవ ఇంజన్లతోనే పని చేస్తాను. ఉప్పు గాలికి బిగుసుకున్న నట్లు వదిలించడమే నా పనిలో సగం. ముందు వైరు బ్రష్‌తో పైన ఉన్న తుప్పు పొరను రాల్చండి. అది అలాగే ఉంటే ఏ నూనె వేసినా మరల్లోకి దిగదు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి, మధ్యలో వీలైతే ఇంకోసారి కొట్టండి. రబ్బరు మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టండి. పొద్దున్నే విప్పే దిక్కుకు కాదు, ముందు బిగించే దిక్కుకు వెంట్రుకవాసి తిప్పండి. ఆ కదలికతో తుప్పు పట్టు తెగుతుంది. అప్పుడు విప్పండి. రెండు వైపులా నోరు తెరిచిన స్పానర్ వద్దు, నట్టును చుట్టూ పట్టుకునే రింగు స్పానర్ వాడండి. లేకపోతే మూలలు అరిగి ఇంకా కష్టమవుతుంది. చుట్టూ ప్లాస్టిక్ ఉంది కాబట్టి మంట జోలికి మాత్రం పోవద్దు.

పెదవాల్తేరు గృహిణి

హార్బర్ తమ్ముడూ, నీకు ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. బిగించే దిక్కుకు తిప్పగానే టక్కుమని శబ్దం వచ్చి వదిలింది. బుట్ట పైకి వచ్చింది. పాత సీలు పెదవి ఒక పక్క పూర్తిగా చిరిగిపోయి ఉంది, బుష్ రంధ్రం గుండ్రంగా కాక కోలగా అయిపోయింది.

కానీ షాఫ్టు మీద పెదవి తగిలే చోట చుట్టూ ఒక గీత పడింది. గోరు పెట్టి లాగితే కొద్దిగా తెలుస్తోంది. ఇలాగే వేసేయవచ్చా?

కంచరపాలెం ఫిట్టర్

గోరు తెలిసీ తెలియనట్టు తగిలితే నీళ్లలో తడిపిన 400 నంబరు ఎమరీ కాగితంతో, ఆ తరువాత 800తో షాఫ్టు చుట్టూ తిప్పుతూ నునుపు చేయండి. నిలువుగా రుద్దకండి, నిలువు గీతల వెంట నీళ్లు కిందికి దారి చేసుకుంటాయి. రుద్దాక గోరు సాఫీగా జారితే వేసుకోవచ్చు. గోరు ఇంకా ఆగితే మాత్రం కొత్త షాఫ్టు వేయాలి, లేకపోతే ఆ గీత కొత్త పెదవిని కూడా కోసేస్తుంది. షాఫ్టు బుట్ట అడుగున పలకతో సహా వస్తుంది, మరలతో బిగించి ఉంటుంది, విడిగా దొరుకుతుంది.

ఉక్కునగరం విశ్రాంత ఉద్యోగి

మోటారు మెగ్గర్ పరీక్ష సంగతి మరిచిపోకమ్మా. ఇప్పుడు అంతా విప్పి ఉంది, ఇంతకంటే మంచి సమయం దొరకదు. పైన ఉన్న ఉప్పు చారలను పొడి బ్రష్‌తో దులిపి, రెండు రోజులు గాలికి ఆరనిచ్చి అప్పుడు చూపించు.

పెదవాల్తేరు గృహిణి

ఎమరీతో గీత పోయింది, గోరు ఎక్కడా ఆగడం లేదు. మోటారు బాగా ఆరాక మా ఎలక్ట్రీషియన్ మెగ్గర్ పెట్టి చూశారు, చాలా మెగాఓమ్‌లు చూపింది, ఏ భయమూ లేదన్నారు. సాకెట్‌కు ఎర్త్ తీగ ఉంది కానీ కొస వదులై ఉందట, బిగించారు.

బిగింపు అంతా అయ్యాక ముందు ఖాళీ బుట్ట తిప్పాం, తరువాత బట్టలు వేసి. మూలుగు లేదు, వాసన లేదు, కింద కాగితం పరిచి చూస్తే ఒక్క చుక్క తడి లేదు. మోటారు పాతదే. ఒక్క సందేహం మిగిలింది. మూత తెరిచాక బుట్ట ఆగడానికి ముందుకంటే ఎక్కువసేపు తీసుకుంటోంది.

కంచరపాలెం ఫిట్టర్

శుభం అమ్మా. ఇది బ్రేకు తీగ సంగతి. తిరిగి తగిలించేటప్పుడు తీగ బిగుతుగా పడి ఉంటుంది, మూత తెరిచినా బ్రేకు పూర్తిగా పట్టడం లేదు. మీట దగ్గర తీగ కొసకు రెండు మూడు రంధ్రాలో, మెలి తిప్పే మరో ఉంటుంది. ఒక మెట్టు వదులు చేయండి. మరీ వదిలేస్తే మూత వేసినా బ్రేకు రాసుకుంటుంది, మళ్లీ రబ్బరు వాసన మొదలవుతుంది. మూత తెరిచిన కొద్ది క్షణాల్లోనే బుట్ట నిలిచిపోవాలి. తీగ సరిచేసినా ఆగకపోతే బ్రేకు లైనర్ అరిగినట్టు, అదీ చిన్న భాగమే. అప్పటివరకు పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. తిరుగుతున్న బుట్టలో చెయ్యి పెడితే తడి బట్ట చేతికి చుట్టుకుని లాగేస్తుంది.

పెదవాల్తేరు గృహిణి

ఒక మెట్టు వదిలాం, ఇప్పుడు వెంటనే ఆగుతోంది.

భీమిలి నుంచి

ఇదే చోట ఒక ప్రశ్న అడగవచ్చా? మా మెషీన్ అడుగున తెరిచి ఉంది, ఎలుకలు దూరి డ్రయ్యర్ మోటారు తీగ కొరికేశాయి. తీగ మార్పించాం. అడుగున ప్లాస్టిక్ అట్ట వేసి పూర్తిగా మూసేయవచ్చా?

ఫిషింగ్ హార్బర్ ఇంజన్ మెకానిక్

పూర్తిగా మూయకండి అన్నా. మోటారు వేడి కింద నుంచే బయటికి పోవాలి, పైగా సీలు ఎప్పుడైనా కారితే నీళ్లు అట్ట మీద నిలిచి మీకు తెలియకుండా పోతాయి. సన్నటి రంధ్రాల స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ కొలతకు కోసి నాలుగు మూలలా మరలతో బిగించండి. మామూలు ఇనుప జాలీ బీచ్ గాలికి ఒక్క వానాకాలంలోనే పొడిపొడి అవుతుంది. గొట్టం బయటికి వచ్చే చోట కూడా సందు లేకుండా చూసుకోండి, ఎలుకలు ఎక్కువగా దూరేది అక్కడి నుంచే.